బ్లూగ్రాస్ పండుగల్లో అసలు పాట వేదిక మీద ఉండదు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రపు నైరుతి భాగాన, నార్త్ కరోలినా సరిహద్దుకు కొద్ది మైళ్ళ దూరంలో గేలాక్స్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా ఏడు వేలకు లోపే. ఏటా ఆగస్టు రెండో వారంలో అక్కడి ఫెల్ట్స్ పార్కులో జరిగే ఓల్డ్ ఫిడ్లర్స్ కన్వెన్షన్ 1935లో మొదలైంది. పేరుకు అది పోటీ. పాత పద్ధతి ఫిడేలుకు ఒక విభాగం, బ్లూగ్రాస్ (తీగవాద్యాలూ కలిసి పాడే గొంతులూ ఉన్న అమెరికా పల్లె సంగీతం) ఫిడేలుకు వేరొక విభాగం, డోలులా చర్మం బిగించిన తీగవాద్యం బాంజోలోనూ అలాగే రెండు విభాగాలు ఉంటాయి. మాండొలిన్, గిటార్, మరికొన్ని తీగవాద్యాలైన డోబ్రో, ఆటోహార్ప్, డల్సిమర్‌లకు వేర్వేరు బహుమతులు ఇస్తారు. పాదాలతో నేల మీద తాళం వేస్తూ ఆడే ఫ్లాట్‌ఫుట్ నృత్యానికి కూడా ఒక బహుమతి ఉంది. విద్యుత్ వాద్యాలకు ప్రవేశం లేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఒక్కొక్క పాట వాయించి దిగిపోయే ఆ వరస రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. కొత్తగా వచ్చినవారికి అది కాసేపటికి విసుగు పుట్టించినా ఆశ్చర్యం లేదు. అదే సమయంలో మైదానం వెనుక, క్యాంపర్ బళ్ళకూ గుడారాలకూ మధ్య మిగిలిన సందుల్లో చిన్న చిన్న గుంపులు ఎక్కడికక్కడ వలయంగా చేరి వాయిస్తూ ఉంటాయి. వారిలో వారమంతా అక్కడే మకాం వేసి, వేదిక వైపు ఒకటి రెండుసార్లు మాత్రమే తొంగి చూసేవారు తక్కువేమీ కాదు.

ఈ వలయాన్ని అక్కడివారు జామ్ అంటారు. దీన్ని పండుగకు తోకగా చూడటం పరిపాటి. బ్లూగ్రాస్ విషయంలో అది తలకిందులు లెక్క. కచేరీ అనగానే మనకు వేదిక మీద విద్వాంసుడు, పక్కవాద్యాలవారు, ఎదుట వరసగా శ్రోతలు గుర్తుకు వస్తారు. ఈ సంగీతంలో శ్రోతకూ వాద్యకారుడికీ మధ్య గీత చాలా పలచన. టికెట్ కొన్నవారిలో పెద్ద భాగం ఏదో ఒక తంత్రీవాద్యం చేతనైనవారే. సాయంత్రం వేదిక మీద విన్నదాన్ని ఆ రాత్రే తమ వేళ్ళ మీదకు తెచ్చుకోవాలన్న ఆత్రంతో వారు వస్తారు. అందువల్ల ఒక స్థానిక పండుగ బాగా జరిగిందా లేదా అని తేల్చడానికి కరపత్రం మీది పేర్లు చాలవు. ముఖపరిచయం కూడా లేనివారు ఎంత సులువుగా ఒకచోట చేరి, ఎంతసేపు కలిసి వాయించగలిగారు అన్నదే అసలు కొలత. అలా వాయించగలగడం గాలివాటుగా జరిగేది కాదు; ఈ సంగీతం తయారైన తీరులోనే దానికి కావలసిన సరంజామా ఉంది.

బ్లూగ్రాస్‌ను అనాది జానపదంగా భావించేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది రేడియో యుగపు సంతానం. కెంటకీ రాష్ట్రంలోని రోజీన్ అనే పల్లెలో 1911లో పుట్టిన బిల్ మన్రో 1939లో తన సొంత రాష్ట్రపు ముద్దుపేరు మీద బ్లూ గ్రాస్ బాయ్స్ అనే బృందాన్ని కట్టి, అదే ఏడాది నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమంలో చేరాడు. 1945లో గిటార్‌తో లెస్టర్ ఫ్లాట్, ఆ సంవత్సరాంతంలో బాంజోతో ఎర్ల్ స్క్రగ్స్ వచ్చి కలిశాక ఈనాడు మనం వినే ధ్వని స్థిరపడింది. బొటనవేలితోనూ మరో రెండు వేళ్ళతోనూ, తొడుగులు పెట్టుకుని, స్వరాలను తెంపు లేకుండా దొర్లించే స్క్రగ్స్ బాణీ అపలాచియన్ కొండ ప్రాంతపు బాంజోకు కొత్త ప్రాణం పోసింది. ఫ్లాట్, స్క్రగ్స్ 1948లో విడిపోయి సొంత బృందం పెట్టుకున్నారు. ఇతరులూ ఆ ధ్వనిని అనుకరించారు. ఒక బృందం పేరు క్రమంగా ఒక సంగీతపు పేరైంది. దానికి ముందునుంచీ ఉన్న పల్లె నృత్యాల సంగీతాన్ని ఓల్డ్ టైమ్ అంటారు. అక్కడ అందరూ కలిసి ఒకే వరుసను పదేపదే వాయిస్తారు, ఎవరూ విడిగా ముందుకు రారు. బ్లూగ్రాస్‌లో మాత్రం జాజ్‌లోలాగా ఒక్కొక్కరికీ వంతు ఉంటుంది. ఈ తేడా వల్లనే ఒకే మైదానంలో పక్కపక్కనే ఉన్న రెండు వలయాల మర్యాదలు వేరవుతాయి. ఒకదాని అలవాటుతో రెండోదానిలో కూర్చున్నవారికి తొలి అరగంట కాస్త ఇబ్బందిగానే గడుస్తుంది.

ఒక బ్లూగ్రాస్ జామ్‌ను దగ్గరగా చూస్తే దాని పనితనం అర్థమవుతుంది. ఐదారుగురు నిలబడి ఉంటారు. పాట ఎంచుకునే హక్కు వలయం చుట్టూ వరసగా తిరుగుతుంది. వంతు వచ్చినవారు పాట పేరు, శ్రుతి చెబుతారు. ఆ శ్రుతి పాశ్చాత్య లెక్కలో జి అనుకుంటే, గిటార్ వాయించేవారు పట్టవలసిన కార్డులు, అంటే మూడు నాలుగు స్వరాలను కలిపి ఒకేసారి మీటే గుత్తులు, చాలా పాటల్లో మూడే: జి, సి, డి. వీటిని అక్కడివారు అక్షరాలతో కాక ఒకటి, నాలుగు, ఐదు అని అంకెలతో వ్యవహరిస్తారు. మన లెక్కలో చెప్పుకుంటే షడ్జమం, మధ్యమం, పంచమం మీద నిలబెట్టిన గుత్తులు అవి. అంకెలతో చెప్పడంలో సౌలభ్యం ఏమిటంటే, పాడే మనిషి గొంతుకు జి పొసగక బి కావాలంటే పాట నిర్మాణం మళ్ళీ నేర్చుకోనక్కరలేదు, ఆధార షడ్జమం మారితే చాలు. ఎవరికైనా పాట తెలియకపోతే పాడేవారు మార్పు వచ్చే చోట వేళ్ళు చూపిస్తారు: నాలుగు వేళ్ళు, ఐదు వేళ్ళు. అదీ కుదరకపోతే కొత్తవారు గిటార్ పట్టినవారి ఎడమచేతి మీదే కళ్ళు ఉంచుతారు. గిటార్ పక్కన చోటు చూసుకుని నిలబడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

డ్రమ్ములు లేని సంగీతం ఇది. నిలువు బేస్, అంటే నిలబెట్టి మీటే పెద్ద మంద్ర తీగవాద్యం, మొదటి దెబ్బ వేస్తే, మాండొలిన్ తీగలను వేళ్ళతో అదిమి వెంటనే వదిలేస్తూ రెండో దెబ్బను టక్కుమని కొడుతుంది. ఈ రెంటి నడుమా తాళం నిలుస్తుంది. ఒకరు ఎత్తుగడ వాయిస్తారు, పాడేవారు ఒక చరణం పాడతారు, పల్లవికి పై గొంతు, కింది గొంతు వచ్చి కలుస్తాయి, ఆపైన ఫిడేలుకు వంతు, మరో చరణం, బాంజోకు వంతు. వంతు ఇవ్వడానికి మాటలు ఉండవు: పాడే మనిషి ఒకరి వైపు చూసి తల పంకిస్తాడు, అవతలివారు సిద్ధంగా లేకపోతే తల అడ్డంగా ఊపుతారు, చూపు పక్కవారి మీదకు జరుగుతుంది, తాళం మాత్రం ఆగదు. ముగింపు దగ్గర పడిందని చెప్పడానికి ఒక కాలు పైకెత్తి చూపడం వాద్య సంగీతంలో, అందులోనూ ఓల్డ్ టైమ్ వలయాల్లో మామూలు. కాలు లేచిందంటే ఇదే ఆఖరి చుట్టు. మన భజన గోష్ఠుల్లో పెద్దాయన తాళాలు పైకెత్తి ముక్తాయింపుకు సైగ చేసినట్టే, తెలిసినవారికి అది గంట కొట్టినంత స్పష్టం, తెలియనివారికి అసలు కంటబడదు.

చెప్పని నియమాలు ఇంకా ఉన్నాయి. ఒకరు పాడుతుండగా బాంజో గలగలా మోగకూడదు. రెండు పాటల మధ్య తీగల మీద ఊరికే వేళ్ళు ఆడించి ఎదుటివారి మాట వినిపించకుండా చేయకూడదు. వలయంలో బేస్ ఒకటి చాలు. గిటార్లు మూడు చేరాయంటే నాలుగో గిటార్ పట్టుకొచ్చినవారు బయటి వరుసలో నిలబడి మెల్లగా వాయించుకోవడం మర్యాద. వలయంలో అందరూ భుజాలు కలిపి లోపలికి తిరిగి, వేగంగా, క్లిష్టంగా వాయిస్తున్నారంటే అది పాత స్నేహితులు తమ కోసం ఏర్పాటు చేసుకున్న గుంపు, అక్కడ విని వెళ్ళిపోవాలి. మధ్యలో ఖాళీ వదిలి ఎవరైనా బయటికి చూసి నవ్వారంటే ఆహ్వానం ఉన్నట్టు. ఈ నియమాలు ఏ బోర్డు మీదా రాసి ఉండవు కనుక కొత్తవారు తప్పులు చేసి, ఒకరిద్దరి ముఖాలు ముడుచుకోవడం చూసి నేర్చుకోవలసి వస్తుంది. మెచ్చుకోవలసిన పద్ధతి కాదిది. ఏళ్ళ తరబడి పడకగదిలో ఒంటరిగా సాధన చేసి కూడా వలయంలోకి అడుగు పెట్టడానికి జంకేవారు ఉన్నారని గమనించిన బాంజో వాద్యకారుడు పీట్ వెర్నిక్ జామ్‌కే ప్రత్యేకంగా శిక్షణ శిబిరాలు పెట్టాడు. వేగం తగ్గించి, మూడు కార్డుల పాటలే తీసుకుని, తప్పు వాయించినా తాళం వదలకుండా ఉండటం నేర్పడం ఆ పద్ధతి సారాంశం. స్లో జామ్ పేరుతో ఇప్పుడు చాలా ఊళ్ళలో గ్రంథాలయాల్లోనూ వాద్యాల దుకాణాల్లోనూ జరిగే సాయంకాలపు సమావేశాలది కూడా ఈ దారే.

పండుగల చరిత్రలోకి వెళితే, వేదిక, వలయం మొదటి నుంచీ ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ వచ్చాయి. నార్త్ కరోలినాలోని యూనియన్ గ్రోవ్‌లో 1924లో ఒక బడికి నిధులు పోగుచేయడానికి ఫిడేలు పోటీ పెట్టారు. అదే రాష్ట్రంలోని యాష్‌విల్‌లో 1928లో న్యాయవాదీ, పాటల సేకర్తా అయిన బాస్కమ్ లమార్ లన్స్‌ఫర్డ్ మొదలుపెట్టిన మౌంటెన్ డాన్స్ అండ్ ఫోక్ ఫెస్టివల్ ఈనాటికీ నడుస్తోంది. ఇవన్నీ ఓల్డ్ టైమ్ నేపథ్యం ఉన్నవి. బ్లూగ్రాస్‌కు సొంత పండుగ రావడానికి 1960ల దాకా పట్టింది. 1950ల నడుమ రాక్ అండ్ రోల్ పొంగు వచ్చాక ఈ బృందాలకు గిరాకీ పడిపోయింది. బతుకుతెరువు కోసం ఊరూరా బడి హాళ్ళలో ప్రదర్శనలు ఇస్తూ తిరిగినవారు ఎందరో. అదే కాలంలో నగరాల కళాశాల విద్యార్థులకు జానపదం మీద మోజు పెరిగింది, 1959లో మొదలైన న్యూపోర్ట్ జానపదోత్సవంలో స్క్రగ్స్ బాంజో వినిపించింది. 1961 జులై 4న బిల్ క్లిఫ్టన్ వర్జీనియాలోని లూరేలో ఒక రోజు బ్లూగ్రాస్ కార్యక్రమం జరిపాడు. కార్ల్‌టన్ హేనీ అనే నిర్వాహకుడు 1965 సెప్టెంబరులో లేబర్ డే సెలవులకు వర్జీనియాలోని రోనోక్ సమీపంలోని ఫిన్‌కాసిల్‌లో, ఒక గుర్రాల క్షేత్రంలో, కేవలం బ్లూగ్రాస్‌కే అంకితమైన తొలి బహుదిన పండుగ నిర్వహించాడు. మన్రోనూ అతని పాత సహచరులనూ వారు బృందంలో చేరిన క్రమంలో వేదిక మీదకు పిలిచి, ఒక సంగీతం కథను ఆ సంగీతంతోనే చెప్పించడం హేనీ చేసిన గొప్ప ఆలోచన.

అయితే ఫిన్‌కాసిల్‌లో అనుకోకుండా స్థిరపడిన మరొక విషయం ఈ వ్యాసానికి ఎక్కువ ముఖ్యం. ఒక్క రోజు కార్యక్రమమైతే జనం విని ఇంటికి పోతారు. మూడు రోజులంటే రాత్రి అక్కడే పడుకోవాలి. పడుకోవాలంటే గుడారాలు కావాలి. గుడారాల దగ్గర చేతిలో వాద్యం ఉన్నవారు ఊరికే ఉండరు. పార్కింగ్ స్థలంలో వాయించడం అనే మాట బ్లూగ్రాస్ నుడికారంలో స్థిరపడింది అలాగే. మన్రో 1950ల మొదట్లో ఇండియానా రాష్ట్రంలోని బీన్ బ్లాసమ్‌లో కొన్న స్థలంలో 1967 నుంచి సొంత పండుగ జరిపాడు, అది ఇప్పటికీ ఏటా జూన్‌లో కొనసాగుతోంది. మామూలుగా ముభావిగా పేరుపడిన ఆ మనిషి అక్కడ సాయంవేళ మాండొలిన్ పట్టుకుని సామాన్య వాద్యకారుల నడుమ నిలబడి వాయించేవాడు. సృష్టికర్తే వలయంలోకి దిగిన ఆ సంప్రదాయంలో వేదిక మీది బృందాలు తెర వెనక్కి పోయి తలుపు వేసుకోవడం ఈనాటికీ పెద్దగా హర్షించరు.

పండుగ ఎంత పెద్దది కావచ్చు అన్న ప్రశ్న అందుకే తేలికైనది కాదు. యూనియన్ గ్రోవ్ అనుభవం ఇక్కడ పాఠం లాంటిది. 1970ల నాటికి ఆ పల్లె మీదకు ఊహించనంత జనం విరుచుకుపడ్డారు. చాలామందికి ఫిడేలుతో పని లేదు, ఊరికే గుమిగూడే సంబరం కావాలి. ఆ దశాబ్దం చివరికి ఆ పండుగ ముగిసిపోయింది. దాన్ని మొదలుపెట్టిన కుటుంబంలోనే మరొకరు 1970లో పక్కనే ఫిడ్లర్స్ గ్రోవ్ పేరుతో, రానిచ్చేవారి సంఖ్యకు ముందే హద్దు పెట్టుకుని, వేరొక పోటీ ప్రారంభించారు. దీనికి భిన్నమైన దారి కాన్సస్ రాష్ట్రంలోని విన్‌ఫీల్డ్‌ది. 1972 నుంచి అక్కడ సెప్టెంబరులో జరిగే వాల్నట్ వ్యాలీ ఉత్సవంలో గిటార్ జాతీయ పోటీ పేరెన్నికగన్నది, కానీ ఏళ్ళ తరబడి వచ్చేవారికి అసలు ఆకర్షణ పెకాన్ చెట్ల తోపులోని మకాములే. మంచి చోటు కోసం పండుగకు ఎంతో ముందుగానే బళ్ళు వరస కడతాయి. తోపు గేటు తెరిచే రోజుకు, భూమి కోసం పరుగుతీసిన పూర్వపు వలసదారుల్ని తలచుకుంటూ, ల్యాండ్ రష్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. కొలరాడో పర్వతాల్లో 1974లో మొదలైన టెల్యురైడ్, గుడ్డివాడైనా గిటార్‌కు కొత్త చూపునిచ్చిన డాక్ వాట్సన్ తన కుమారుడు మెర్ల్ స్మృత్యర్థం 1988 నుంచి నార్త్ కరోలినాలోని విల్క్స్‌బరోలో సాగించిన మెర్ల్‌ఫెస్ట్ వంటివి రాక్, కంట్రీ, పాప్ బృందాలనూ కలుపుకుని విస్తరించాయి. వాటి స్థాయి ఘనమైనదే. వేదిక ధ్వని మైదానమంతా నిండే కొద్దీ, మైక్ లేని ఫిడేలు వినబడాలంటే ఇంకా ఇంకా దూరం నడవవలసి వస్తుందన్నది మాత్రం అక్కడికి వెళ్ళినవారెవరైనా గమనించగలిగేదే.

స్థానిక పండుగల్లో కుర్చీల సంగతి ఒకటి చెప్పుకోదగ్గది. చాలా చోట్ల ప్రేక్షకులు ఉదయాన్నే తమ మడత కుర్చీలు తెచ్చి వేదిక ముందు వరసగా వేసి, తాళ్ళూ గొలుసులూ ఏవీ లేకుండా వదిలేసి గుడారాల వైపు వెళ్ళిపోతారు. ఖాళీగా ఉన్న కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు, సొంతదారు వస్తే లేవాలి. టికెట్ వెలను బట్టి వరసలు నిర్ణయించే పద్ధతి కన్నా ఇది న్యాయంగానూ ఉంది, పనిగట్టుకుని కాపలా కాయనక్కరలేకుండానూ ఉంది. కుర్చీ యజమాని వలయంలో ఉన్నాడు కాబట్టి కుర్చీ ఖాళీగా ఉందన్న అవగాహనే దీనికి పునాది.

ఏటికోమారు జరిగే పండుగల కన్నా వారం వారం జరిగే కూడికలు ఈ సంగీతానికి గట్టి ఊపిరి. వర్జీనియాలోని ఫ్లాయిడ్ అనే ఊళ్ళో ఒక పాత కిరాణా దుకాణం ఉంది. 1980లలో దాని యజమాని స్నేహితులతో కలిసి శుక్రవారం సాయంత్రాలు దుకాణం మూసి సాధన చేసుకుంటుంటే, వినడానికి జనం తలుపు తట్టడం మొదలుపెట్టారు. ఫ్రైడే నైట్ జాంబరీ అలా పుట్టింది. మొదట భక్తిగీతాలు, తర్వాత నృత్యానికి బృందాలు, మద్యం, పొగ నిషిద్ధం. వాతావరణం బాగుంటే దుకాణం బయట వీధి అరుగుల మీద నాలుగైదు వలయాలు విడిగా సాగుతాయి, వాటికి టికెట్ లేదు. టెన్నెసీ సరిహద్దు దగ్గర హిల్టన్స్‌లోని కార్టర్ ఫోల్డ్ మరొక తీరు. 1927లో బ్రిస్టల్‌లో రికార్డు నిర్మాత రాల్ఫ్ పీర్ చేసిన రికార్డింగులతో దేశమంతటా తెలిసిన గాయక బృందం కార్టర్ కుటుంబపు ఊరది. ఆ కుటుంబపు జానెట్ కార్టర్ 1974లో తండ్రి పాత దుకాణంలో శనివారపు సంగీతం మొదలుపెట్టింది. విద్యుత్ వాద్యాలు కూడదన్న అక్కడి నియమాన్ని ఆ ఇంటి అల్లుడైన కంట్రీ గాయకుడు జానీ క్యాష్ ఒక్కడి కోసమే సడలించారు. 2003 జులైలో అతని చివరి ప్రదర్శన జరిగింది కూడా అక్కడే. బూట్ల అడుగున ఇనుప రేకులు కొట్టించుకున్న వృద్ధులు, వారి పక్కన పదేళ్ళ పిల్లలు ఒకే నేల మీద టకటకలాడిస్తుంటే వేదిక మీది బృందం వారి పాదాలను చూసి వేగం సరిచూసుకుంటుంది. యాష్‌విల్‌లో 1967 నుంచి వేసవి శనివారాల్లో ఉచితంగా జరిగే షిండిగ్ ఆన్ ది గ్రీన్‌లోనూ వేదిక ఒకటి, దాని చుట్టూ పచ్చిక మీద వలయాలు ఎన్నో.

డబ్బు సంగతి దాటవేయకూడదు. చిన్న పండుగల్లో అధికభాగం లాభాపేక్ష లేని సంఘాలు, అగ్నిమాపక స్వచ్ఛంద దళాలు, బడులు, లాడ్జీలనే సోదర సంఘాలు నడిపేవే. గేలాక్స్ పోటీ వెనుక ఉన్నది కూడా మూస్ లాడ్జి అనే సోదర సంఘం. టికెట్ తీసుకునేదీ, బళ్ళను వరసలో నిలిపేదీ, చెత్త ఎత్తేదీ స్వచ్ఛంద కార్యకర్తలు. వారి వయసు పెరుగుతోంది, వారి స్థానంలోకి వచ్చేవారు తగ్గుతున్నారు. కాఫీ దుకాణాల్లో జరిగే వారపు జామ్‌లకు వేరొక చిక్కు ఉంది. బహిరంగంగా పాటలు వాయించే స్థలానికి యజమాని ఆస్కాప్, బీఎంఐ వంటి హక్కుల సంస్థలకు రుసుము కట్టాలి. వాయించేవారు పారితోషికం తీసుకోకపోయినా ఆ బాధ్యత తప్పదు. కాఫీ అమ్మకంతో పోలిస్తే ఆ రుసుము బరువనిపించి జామ్‌ను మానుకున్న యజమానులు ఉన్నారు. హక్కుల గడువు తీరిన పాత వరుసలే వాయిస్తామని కొన్ని గుంపులు నియమం పెట్టుకుంటాయి. ఓల్డ్ టైమ్ వారికి ఇది తేలిక, 1940ల తర్వాతి పాటల మీద నిలబడ్డ బ్లూగ్రాస్ వారికి కష్టం. మరోవైపు వర్జీనియా ప్రభుత్వం 2004లో క్రూకెడ్ రోడ్ పేరుతో నైరుతి కొండల సంగీత స్థలాలను 300 మైళ్ళకు పైబడిన ఒక యాత్రామార్గంగా గుర్తించింది. ఫర్నిచర్, బట్టల మిల్లులు మూతబడుతున్న ఊళ్ళకు అది కొంత ఆసరా. పర్యాటకుల కోసం సంగీతం తన తీరు మార్చుకుంటుందేమోనన్న అనుమానం సహజమే. ఇప్పటివరకైతే ఫ్లాయిడ్ వీధి అరుగు మీద వాయించేవారు కెమెరాల వైపు కాక ఒకరి ముఖం ఒకరు చూసుకునే వాయిస్తున్నారు.

ఈ వలయం అందరినీ సమానంగా రానిచ్చిందా అంటే, లేదు. బాంజో పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికా సొరకాయ బుర్రల వాద్యాలు. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా ప్రజల అకోంటింగ్ వాటికి దగ్గరి చుట్టం. బానిసలుగా తెచ్చిన మనుషులతో ఆ వాద్యం అమెరికాకు చేరింది. మన్రో కుర్రవాడుగా ఉన్నప్పుడు నృత్యాల్లో అతనితో వాయించుకుని, అతని మీద చెరగని ముద్ర వేసిన ఆర్నల్డ్ షుల్ట్జ్ నల్లజాతి సంగీతకారుడు. అయినా రికార్డు కంపెనీలు 1920ల నుంచి తెల్లవారి పాటను ఒక జాబితాలో, నల్లవారి పాటను మరొక జాబితాలో పెట్టి అమ్మడంతో, రెండు తరాలు తిరిగేసరికి బాంజో తెల్లవారి వాద్యమన్న భ్రమ గట్టిపడింది. 2005లో బూన్ పట్టణంలో జరిగిన నల్లజాతి బాంజో వాద్యకారుల సమావేశంలో కలుసుకున్న యువకులు నార్త్ కరోలినాలోని మెబేన్‌లో ఉండే వృద్ధ ఫిడేలు విద్వాంసుడు జో థామ్సన్ దగ్గర నేర్చుకుని కరోలినా చాక్లెట్ డ్రాప్స్ బృందంగా పేరుతెచ్చుకున్నారు. వారిలో ఒకరైన రియానన్ గిడెన్స్ 2017లో రాలీ నగరంలో అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం ముందు ప్రధానోపన్యాసం చేస్తూ ఈ మరుపును సూటిగా ఎత్తిచూపింది. షుల్ట్జ్ పేరిట ఇప్పుడు ఒక సహాయనిధి ఉంది. అయితే పల్లె మైదానంలో ఒక వలయం చెంత నల్లజాతి కుర్రవాడో ఆసియా యువతో వాద్యంతో నిలబడినప్పుడు లోపలివారు ఎంత త్వరగా పక్కకు జరుగుతారన్నది ఏ నిధీ తేల్చలేదు; అది ఆ వలయంలో ఉన్న ఐదారుగురి మీద ఆధారపడింది.

పిల్లల విషయంలో మాత్రం ఆశాజనకమైన పని జరిగింది. నార్త్ కరోలినాలోని స్పార్టా బడిలో 2000లో హెలెన్ వైట్ మొదలుపెట్టిన జూనియర్ అపలాచియన్ మ్యుజీషియన్స్ కార్యక్రమం బడి వదిలాక పిల్లలకు ఫిడేలు, బాంజో, గిటార్ నేర్పుతుంది. తర్వాత చుట్టుపక్కల రాష్ట్రాలకూ విస్తరించింది. ఇందులో పిల్లలకు ముందు చెవితో నేర్పి, వలయంలో కూర్చోబెడతారు. అంటే మర్యాదలు వాద్యంతోపాటే వస్తాయి, పెద్దయ్యాక ముఖాలు ముడుచుకోవడం చూసి నేర్చుకునే అవస్థ వారికి తప్పుతుంది. రాలీలో 1984 నుంచి పనిచేస్తున్న పైన్‌కోన్ సంస్థ కూడా యువతకు ఇలాంటి జామ్‌లు నడుపుతోంది.

రాలీ పేరు తెలుగువారికి కొత్త కాదు. ఆ నగరం, దాని పక్కనున్న క్యారీ, మోరిస్‌విల్ తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డ ప్రాంతాలు. 2013 నుంచి 2024 దాకా అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం వార్షికోత్సవం అక్కడే జరిగింది, 2025లో టెన్నెసీలోని చట్టనూగాకు తరలింది. ఆ రోజుల్లో పగలు ఫయెట్‌విల్ వీధి పొడవునా ఉచిత వేదికలు ఉండేవి, రాత్రి హోటళ్ళ నడవల్లో, లిఫ్టుల ఎదుట కూడా, తెల్లవార్లూ వలయాలు సాగేవి. ఇంట్లో పిల్లలకు కర్ణాటక వయొలిన్ నేర్పిస్తున్న కుటుంబాలకు ఈ సంగీతం దగ్గరదీ, దూరందీ కూడా. వాద్యం ఒకటే, కానీ మన వయొలిన్ తీగలు షడ్జమ పంచమాలకు జతలుగా శ్రుతి చేసి, తల భాగాన్ని పాదం మీద ఆనించుకుని కూర్చుని వాయిస్తాం. అక్కడ జి, డి, ఎ, ఇ శ్రుతులు, భుజం మీద పట్టు, ఎక్కువగా నిలబడే. మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గుర్తుకు వస్తారు. ఆయన గమకాల కోసం ఎంచుకున్నది ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్, మన్రో 1940ల నుంచి వాయించింది 1923 నాటి, నాలుగు జతలుగా ఎనిమిది తీగలున్న గిబ్సన్. ఆ విద్యుత్ వాద్యాన్ని గేలాక్స్ పోటీకి తీసుకువెళితే నమోదు బల్ల దగ్గరే ఆపేస్తారు. ఆధార షడ్జమం ఒకటే పట్టుకుని పెరిగిన చెవికి, కింద కార్డు మారినప్పుడల్లా అదే స్వరం రంగు మారడం మొదట తికమక పెడుతుంది. ఒకటి, నాలుగు, ఐదు అన్న అంకెలను స, మ, ప అని తర్జుమా చేసుకుంటే ఒకటి రెండు పాటలయ్యేసరికి దారి చిక్కుతుంది. పక్కవాద్యంగా మనోధర్మానికి అలవాటుపడిన చేతికి వంతు అందుకోవడం కష్టం కాదు. వలయంలో ఎవరూ ఎక్కడ నేర్చుకున్నావని ముందుగా అడగరు. ఏ పాట, ఏ శ్రుతి అని మాత్రమే అడుగుతారు.